వేలెత్తేదాకా

మా ఇంట్లో నన్నందరూ చిటపట అంటారు. ఆ పేరు పెట్టింది మా మేనత్త. నాకు మూడేళ్ళప్పుడు ఇంటికొచ్చిన చుట్టమొకాయన "పాపా, నీకు బిస్కెట్లు..." అనగానే "వద్దు" అని మొహం తిప్పేశానట. ఆయన పాపం "...రెండు పొట్లాలు తెచ్చానమ్మా" అని మాట పూర్తిచేసి పొట్లాలు సంచిలో పెట్టేసుకుంటే, అప్పుడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చానట. ఈ కథ మా నాన్న ఎవరొచ్చినా చెప్తాడు. సగంలో నేనే అందుకుని ముగింపు చెప్పేస్తాను. ఆయన తాపీగా చెప్తుంటే వినే ఓపిక నాకు లేదు.

ఈ బుద్ధితోనే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నాను. పెద్ద కంపెనీలకేం కాదు, చిన్న దుకాణాలకీ, వర్కుషాపులకీ. తెర మీద నాలుగు బటన్లుంటాయి, మౌసుతో నొక్కితే జరగాల్సిన పని జరుగుతుంది. నా విద్యంతా అంతే. కానీ నా ప్రోగ్రాంలో తప్పుందని ఎవరైనా అంటే మాత్రం నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

మా అత్త కళ్ళద్దాల వర్కుషాపులో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. పొడవాటి గది అది. ఒక చివర ఓనరుగారి గాజు క్యాబిను, ఇంకో చివర కిటికీ పక్కన మా అత్త కంప్యూటరు, మధ్యలో అద్దాలు కోసే మిషను. మిషను పక్కనే ఫిట్టరు బల్ల. చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు, మూతల్లేని డబ్బాల్లో మరలు, వరసగా వేలాడే ఫ్రేములు. ఊళ్ళోని కళ్ళద్దాల దుకాణాల వాళ్ళు ఫ్రేమూ, గుండ్రటి అద్దాలూ, కొలతలు రాసిన చీటీ కలిపి పంపిస్తారు. ఫిట్టరు అద్దాన్ని మిషనులో బిగించి "పెట్టానక్కా" అంటాడు. అత్త తెర మీద ఆ ఆర్డరు తీసి "కొయ్యి" అన్న బటన్ నొక్కుతుంది. మిషను గిర్రున తిరిగి, నీళ్ళు చిమ్ముకుంటూ, రెండు నిమిషాల్లో అద్దాన్ని ఫ్రేము ఆకారానికి కోసి పెడుతుంది. కుడి అద్దానికి బదులు ఎడమది బిగించినా, కొలత ఒక్క పిసరు తేడా వచ్చినా ఆ అద్దం చెత్తబుట్టకే. గుడ్డ అయితే కుట్టుకోవచ్చు గానీ తెగిన అద్దం అతకదు.

ఆ మిషనుతో పాటు వచ్చిన పాత కంప్యూటరు ఒకరోజు ప్రాణం వదిలేసింది. అందులోని ప్రోగ్రాం కూడా దానితోపాటే పోయింది. ఓనరుగారు తల పట్టుకుని కూర్చుంటే మా అత్త ముందుకొచ్చి, "మా మేనకోడలు రాస్తుందండీ" అంది. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి, "నా మాట మీద నిన్ను పిలుస్తున్నారు పిల్లా, నా పరువు గంగలో కలపకు" అని కూడా చెప్పింది. నేను కలపనన్నాను.

నిజానికి ప్రేమగానే రాశాను. రెడీమేడుగా దొరికే బటన్లు చీమ తలకాయల్లా ఉంటాయని, అత్త కళ్ళకి బాగా ఆనాలని, పెద్ద పెద్ద బటన్లు నేనే గీసుకున్నాను. మనమే గీసుకుంటే ఓ చిక్కుంది. నొక్కితే ఏం చెయ్యాలో కూడా పొల్లు పోకుండా మనమే చెప్పాలి. మనం క్లిక్ అంటాం గానీ, కంప్యూటరు దృష్టిలో అది ఒకటి కాదు, రెండు. వేలు నొక్కడం ఒకటి, వేలు ఎత్తడం ఒకటి. రెండూ దానికి వేరువేరుగా తెలుస్తాయి. మామూలుగా అందరూ వేలు ఎత్తాకే పని మొదలుపెట్టిస్తారు. నాకది చాదస్తంగా కనిపించింది. నొక్కినప్పుడే మనిషి మనసు తెలిసిపోయింది కదా, ఇంక ఎత్తేదాకా ఆగడం దేనికి? పైగా ఓనరుగారు కలిసిన ప్రతిసారీ "స్పీడుండాలమ్మా, స్పీడు" అంటారు. అందుకని వేలు పడగానే మిషను తిరిగేలా రాసేశాను. దానివల్ల మిగిలే టైము కంటిరెప్ప వేసినంత కూడా ఉండదు. అయినా ఏదో ఘనకార్యం చేసినట్టు ఆ రోజంతా కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

సోమవారం పొద్దున ప్రోగ్రాం ఎక్కించి వచ్చాను. పదకొండింటికి అత్త ఫోను.

"ఒసేయ్ చిటపటా, ఒక అద్దం పోయిందే. నేను వేలు ఇంకా—"

"రెండుసార్లు నొక్కేసి ఉంటావత్తా!" అన్నాను. "నాకు తెలుసు. అందరూ చేసేదే. మా నాన్న లిఫ్టు బటన్ని కూడా రెండుసార్లు నొక్కుతాడు. ఏం కంగారుపడకు, సాయంత్రానికల్లా సరిచేస్తా."

"అది కాదే, నేను—"

"నాకర్థమైందత్తా, ఉంటా."

సాయంత్రానికల్లా సరిచేశాను. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే రెండోదాన్ని పట్టించుకోకుండా ప్రోగ్రాంకి చెప్పాను. మంగళవారం మధ్యాహ్నం రెండో అద్దం పోయింది. ఈసారి నేను స్వయంగా వెళ్ళి లాగ్ తీశాను. ఎప్పుడెప్పుడు ఏ బటన్ నొక్కారో ప్రోగ్రాం తనంతట తానే రాసిపెట్టుకునే చిట్టా అది. పన్నెండూ నలభై రెండుకి "కొయ్యి" బటన్ ఒక్కసారే నొక్కినట్టు అందులో ఉంది.

"చూడత్తా, లాగ్ అబద్ధం చెప్పదు. నువ్వే నొక్కావు."

"నొక్కానే. నొక్కలేదన్నానా? కానీ నేను నొక్కి—"

"నొక్కితే కోస్తుందత్తా. కోయడానికే కదా అది ఉన్నది."

అత్త నా మొహంలోకి చూసింది. తర్వాత తన వేలికేసి చూసుకుంది. "సరేలే" అని చీటీలు సర్దుకోసాగింది. ఇంకెవరైనా అయితే అప్పుడైనా ఆగి అడిగేవారు. నేను మాత్రం బుధవారం పొద్దున తెర మీద ప్రశ్న అడిగే పెట్టె ఒకటి పెట్టాను. "కొయ్యి" నొక్కితే "నిజంగానే కోయాలా?" అని అడుగుతుంది. "అవును" నొక్కితేనే కోస్తుంది.

దాన్ని చూసి ఓనరుగారు, "నా మిషను నన్నే ఎదురు ప్రశ్నలడుగుతోందేంటమ్మా? ఇంట్లో అడిగేవాళ్ళు చాలరా నాకు?" అన్నారు. ఫిట్టరు పడీపడీ నవ్వాడు. గురువారం ఒక్కరోజే రెండు అద్దాలు పోయేసరికి నవ్వులన్నీ ఆగిపోయాయి.

ఆ సాయంత్రం అత్త మా ఇంటికొచ్చింది. మామూలుగా అయితే గుమ్మంలోంచే నన్ను ఆటపట్టిస్తూ వస్తుంది. ఆ రోజు నిశ్శబ్దంగా వచ్చి, వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, కుడిచెయ్యి చూపుడువేలు మా నాన్న ముందు పెట్టింది.

"చూడరా తమ్ముడూ, వణుకుతోందా?"

మా నాన్న కళ్ళజోడు సర్దుకుని మరీ చూశాడు. "లేదే అక్కా. గట్టిగానే ఉంది."

"పైకి గట్టిగానే ఉంటుంది. నాకు తెలియకుండా లేచిపోతోంది. నేను నొక్కి పట్టుకున్నాననే అనుకుంటున్నా, అది కాస్తా లేచిపోతోంది. మనిషికి తన వేలు లేచిందో లేదో కూడా తెలియకపోతే ఇంక ఆ కుర్చీలో ఏం కూర్చుంటుంది?"

అసలు సంగతి తర్వాత చెప్పింది. సోమవారం నుంచి కంప్యూటరు దగ్గర వేరే మనిషి కూర్చుంటారట. అత్తని అద్దాలు తుడిచి పెట్టెల్లో సర్దే పనికి మారుస్తారట. ఓనరుగారు మర్యాదగానే చెప్పారట, "వయసు ఎవరి మాటా వినదమ్మా" అని.

"అద్దాలు తుడవాలంటే మా ఇంట్లోనే ఎనిమిది కిటికీలున్నాయి," అంది అత్త. "రేపు సాయంత్రం మానేస్తున్నానని ఉత్తరం ఇచ్చి వచ్చేస్తా. రాసేశాను కూడా."

నవ్వుతూనే అంది గానీ సంచిలోంచి తీసిన ఆ మడత కాగితాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. మా నాన్న నా వైపు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. నాకీ పని ఇప్పించానని గర్వపడ్డ మనిషి నా వల్లే తన పని మానుకుంటోంది. అయినా సిగ్గులేకుండా లోపలెక్కడో ఇంకో గొంతు, ప్రోగ్రాంలో తప్పు లేదు, లేదు, లేదు అని వాదిస్తూనే ఉంది.

"రేపు నేనొచ్చి పొద్దున్నుంచీ నీ పక్కనే కూర్చుంటానత్తా," అన్నాను.

"వచ్చి?"

"నీ తప్పెక్కడుందో పట్టుకుంటా."

నేను ప్రేమగా మాట్లాడితే ఇలాగే ఉంటుంది. అత్త ఏమీ అనుకోలేదు, అలవాటే.

శుక్రవారం పొద్దున స్టూలు వేసుకుని అత్త పక్కన కూర్చున్నాను. ఉత్తరం కీబోర్డు కింద ఉంది, ఒక మూల బయటికి కనిపిస్తోంది. ఎనిమిది అద్దాలు సాఫీగా తెగాయి. నాకు తప్పేమీ కనిపించలేదు. పదకొండింటికి ఫిట్టరు టీలు తెప్పించాడు. తన డబ్బాలోంచి నాలుగు బిస్కెట్లు నా చేతిలో పెట్టాడు. ఎప్పట్లాగే తొందరగా రెండు ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఫిట్టరు కూనిరాగం తీస్తూ తొమ్మిదో అద్దం బిగించి "పెట్టానక్కా" అన్నాడు. అత్త "కొయ్యి" నొక్కింది, ప్రశ్నకి "అవును" నొక్కింది, నొక్కి, చీటీ ఎత్తి పట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. "ఎడమది. అడ్డం యాభై రెండు. నిలువు..." ఈలోపే మిషను గిర్రుమంది.

కోత మొదలయ్యాక చీటీ చదవడమేంటి, చదివాక నొక్కాలి గానీ! ఇదే అత్త తప్పు, పట్టేశాను అనుకుని నోరు తెరిచాను. నోటినిండా బిస్కెట్టు. మాట బయటికి రాలేదు. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి నా నోరు మూతపడ్డ సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అది వాటిలో ఒకటి. మాట్లాడే వీల్లేక, వేరే పని లేక, అత్త చేతికేసి చూశాను.

మౌసు మీద అత్త చూపుడువేలు ఉంది. దాని గోరు తెల్లగా పాలిపోయి ఉంది. వేలిని గట్టిగా అదిమి పట్టినప్పుడు గోట్లోంచి నెత్తురు వెనక్కి పోతుందే, అలాగ. మిషను తిరుగుతోంది, గోరు తెల్లగానే ఉంది. అత్త చీటీ మొత్తం చదివింది, ఫిట్టరు "ఊఁ" అన్నాడు, అప్పుడు అత్త వేలెత్తింది. గోరు మెల్లగా ఎర్రబడింది. అప్పటికి మిషను అద్దంలో పావు వంతు కోసేసింది.

టీ తాగి బిస్కెట్టు మింగేశాను. "అత్తా, ఆ వేలు..."

"మళ్ళీ లేచిపోయిందా?" అంది అత్త. ఆ గొంతు వింటే నా ప్రాణం ఉసూరుమంది.

"లేదత్తా. లేవలేదు. నేను చూశాను. నువ్వు చదవడం అయ్యేదాకా లేవనే లేదు."

అత్త నమ్మలేదు. ఫిట్టరుని మిషను ఖాళీగా ఉంచమని చెప్పి, అత్తని ఇంకోసారి నొక్కి పట్టుకోమన్నాను. నొక్కింది. మిషను తిరిగింది. "ఎత్తకు," అన్నాను. "ఎత్తలేదే," అంది. మిషను తిరుగుతూనే ఉంది. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

"నొక్కి ఎందుకు పట్టుకుంటావత్తా?" ఐదు రోజుల తర్వాత మొదటిసారి ఆమెని ఒక ప్రశ్న అడిగాను. అడిగి, ఆగాను కూడా.

"నాకు పని నేర్పిన పెద్దాయన అలాగే నేర్పాడే. అప్పుడు ఈ కంప్యూటర్లు ఎక్కడివి? అప్పటి మిషనుకి పిడి ఉండేది. పిడి మీద చెయ్యేసి, చెయ్యి తియ్యకుండా చీటీ పైకి చదవాలి. ఫిట్టరు తన చేతిలో ఉన్న, అద్దం వచ్చిన కవరు మీద రాసింది చూసుకుని ఊఁ అనాలి. అప్పుడు పిడి తిప్పాలి. చెయ్యొక చోట, చదువొక చోట ఉంటే కళ్ళు లేనిది కూడా ఉన్నట్టు చూపిస్తాయనేవాడు. చెయ్యి దాని మీదుంటే మనసూ దాని మీదే ఉంటుంది. తర్వాత పాత కంప్యూటరొచ్చింది. అందులో నొక్కి పట్టుకుంటే ఏమీ అయ్యేది కాదు. చదివి, సరిపోతే వేలెత్తేదాన్ని. సరిపోకపోతే మౌసుని బటన్ మీంచి పక్కకి జరిపి అప్పుడెత్తేదాన్ని. ఏమీ జరిగేది కాదు."

"అలా ఎన్నిసార్లు జరపాల్సి వచ్చేది?"

"ఏమో. వారానికి నాలుగైదు. వీడున్నాడుగా," అని ఫిట్టరుని చూపించింది. "పాట పల్లవిలో ఉన్నంతసేపూ బానే ఉంటాడు. చరణంలోకి పోయాడంటే వీడికి కుడీ ఎడమా ఒకటే."

"నాలుగైదా!" ఫిట్టరు చేతిలో స్క్రూడ్రైవర్ కింద పడింది. "ఎప్పుడూ చెప్పలేదేంటక్కా?"

"చెప్పడానికేముంది? మళ్ళీ పెట్టు అనేదాన్ని, పెట్టేవాడివి."

ఈ వారం పోయినవి నాలుగు. ఇరవై రెండేళ్ళుగా వారానికి నాలుగైదు అద్దాల్ని ఈవిడ చప్పుడు చెయ్యకుండా కాపాడుతోంది. వేలికీ బటన్‌కీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో ఆవిడ ఉద్యోగమంతా ఉంది. ఆ సందునే నేను చాదస్తమని కొట్టేశాను. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నట్టు, తప్పు నా రాతలో పెట్టుకుని ఆవిడ వేలిని తిట్టాను. చెవులు వేడెక్కిపోయాయి నాకు.

"లే అత్తా, కాసేపు నేను కూర్చుంటా," అని కోడ్ తెరిచాను. మార్చాల్సింది వెతకనక్కర్లేకపోయింది. వేలు పడగానే కొయ్యి అని నేను గర్వంగా రాసుకున్న లైను నా మొహంలోకే చూస్తోంది. దాన్ని తీసేశాను. వేలు పడితే బటన్ రంగు మారాలి, అంతే. వేలు ఎత్తినప్పుడు మౌసు ఇంకా బటన్ మీదే ఉంటే అప్పుడు కొయ్యాలి. పక్కకి జరిగి ఉంటే ఏమీ చెయ్యకూడదు, అసలేమీ జరగనట్టు ఊరుకోవాలి. పది నిమిషాల పని. ప్రపంచంలో ప్రతి బటన్ చేసేదే ఇది. నాకంటే ముందు వాటిని తయారుచేసిన వాళ్ళు మా అత్తలాంటి వాళ్ళ పక్కన కూర్చుని ఉంటారు. ప్రశ్నల పెట్టె కూడా తీసి పారేశాను.

"కూర్చో అత్తా."

కొత్త ఆర్డరు. అందరూ చూస్తున్నారని ఫిట్టరు ఈసారి పాట కట్టిపెట్టి, ఊపిరి బిగబట్టి, ఎంతో జాగ్రత్తగా అద్దం బిగించాడు. "పెట్టానక్కా," అన్నాడు ధీమాగా. అత్త నొక్కింది. బటన్ పసుపు రంగులోకి మారింది. మిషను కదల్లేదు. గోరు తెల్లబడింది.

"కుడిది," అని మొదలుపెట్టింది అత్త. "అడ్డం నలభై తొమ్మిది..."

ఫిట్టరు నుంచి "ఊఁ" రాలేదు. చేతిలో కవరుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "అయ్యో," అన్నాడు. "ఎడమది పెట్టానక్కా."

అత్త మౌసుని మెల్లగా పక్కకి జరిపి వేలెత్తింది. గదిలో ఏ చప్పుడూ లేదు. మిషను కదలకుండా అలాగే కూర్చుంది, లోపల అద్దం గుండ్రంగా చెక్కుచెదరకుండా ఉంది. ఇంత జాగ్రత్తగా తప్పు పెట్టినందుకు ఫిట్టరు మొహం చూడాలి! అత్త తన వేలిని కళ్ళ ముందుకి తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అప్పుడు మనసారా నవ్వింది, సోమవారం నుంచి నేను చూడని నవ్వు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, వేశాను కూడా. స్టూలు కింద పడింది.

ఆ చప్పుడుకి ఓనరుగారు క్యాబినులోంచి బయటికొచ్చారు. "మళ్ళీ పోయిందా?" అన్నారు.

"పోలేదండీ, మిగిలింది," అన్నాను. "ఇంతవరకు పోయిన నాలుగూ నా వల్లే పోయాయి. మా అత్త వేలెత్తకముందే నా ప్రోగ్రాం తొందరపడి కోసేసింది. తప్పంతా నాది."

ఇలాంటి మాట నా నోటి నుంచి రావడం నాకే వింతగా ఉంది. ఓనరుగారు వదల్లేదు. "మరి లాగ్ అబద్ధం చెప్పదన్నావుగా?"

"చెప్పలేదండీ. నొక్కితే రాసుకోమన్నాను, రాసుకుంది. ఎత్తిందో లేదో రాసుకోమని నేను చెప్పలేదు. నేను అడగనిది అదెలా చెప్తుంది?"

ఇక తప్పించుకునే దారి లేక ఫిట్టరు కూడా చెయ్యెత్తాడు. "నా తప్పు కూడా ఉందండీ. వారానికి నాలుగైదు. అక్క పట్టుకునేది."

ఓనరుగారు మమ్మల్నిద్దరినీ, తర్వాత అత్తనీ చూశారు. ఆయన మనసులో లెక్క ఎక్కడిదాకా వెళ్ళిందో మొహంలోనే కనిపించింది. "సోమవారం ఎప్పట్లా తొమ్మిదింటికి వచ్చెయ్యండమ్మా, ఆ కుర్చీలోకే," అన్నారు. "వయసు సంగతి నేననలేదనుకోండి." తిరిగి వెళ్ళిపోబోతూ ఆగి, "ఆ ప్రశ్నల పెట్టె?" అన్నారు.

"తీసేశానండీ."

"బతికించావు."

సాయంత్రం నాలుగింటి టీ తాగుతూ అత్త కీబోర్డు కింది ఉత్తరం బయటికి తీసింది. చింపేస్తుందనుకున్నాను. దాన్ని ఇంకో మడత పెట్టి మౌసు కింద పరుచుకుంది. రెండుసార్లు అటూ ఇటూ జరిపి చూసి, "నున్నగా జారుతోందే. మంచి కాగితం మీదే రాశాను," అంది.

నాకు ఒక్కటే మనసులో తొలుస్తోంది. "అత్తా, సోమవారం ఫోన్లో ఏదో చెప్పబోయావు చూడు. నేను వేలు ఇంకా... అన్నావు. ఏంటది?"

"అదేనే. నేను వేలు ఇంకా ఎత్తకుండానే మిషను తిరిగేస్తోంది అని."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఐదు రోజులు, నాలుగు అద్దాలు, ఒక ఉత్తరం. జవాబు మొదటి రోజే, మొదటి మాటలోనే ఉంది. నేను వినలేదంతే.

"మరి గట్టిగా అరిచి చెప్పాల్సింది కదా?"

"ఎక్కడ చెప్పనిచ్చావు? రెండుసార్లు మొదలుపెట్టాను, రెండుసార్లూ నువ్వే పూర్తిచేశావు. మంగళవారం ఆ చిట్టా చూపించి నువ్వే నొక్కావన్నావు. ఓనరు అన్నా, ఫిట్టరు అన్నా నేను పోరా అనేదాన్ని. నా మేనకోడలు, అంత చదువుకున్న పిల్ల, అంత నమ్మకంగా చెప్పేసరికి... నా వేలినే అనుమానించాను. ఇరవై రెండేళ్ళ నుంచి నన్ను ఒక్కసారి కూడా మోసం చెయ్యని వేలు."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. "అత్తా, నన్ను..." అని మొదలుపెట్టాను.

అత్త తన చూపుడువేలిని బల్ల మీద నొక్కి పెట్టింది. "ఆగు. నేనింకా వేలెత్తలేదు."

నోరు మూసుకున్నాను. అత్త ఎడమచేత్తో గ్లాసందుకుని ఒక గుక్క తాగింది. కిటికీలోంచి రోడ్డుకేసి చూసింది. ఇంకో గుక్క తాగింది. బల్ల మీద గోరు తెల్లగా ఉంది. కావాలనే ఏడిపిస్తోందని నాకు తెలుసు. క్షమించమని అడగాలని, ఇంకెప్పుడూ అలా చెయ్యనని చెప్పాలని, నాలుక చివర పది మాటలు దూకడానికి సిద్ధంగా ఉన్నాయి. ఫిట్టరు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మరీ నన్ను చూస్తున్నాడు, పందెం కాసినవాడిలా. పళ్ళు బిగించి కూర్చున్నాను.

అత్త గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టింది.

"ప్రోగ్రాం చాలా బాగా రాశావే," అంది. "అన్ని బటన్లూ పెద్దవిగా, నా కళ్ళకి హాయిగా ఆనుతున్నాయి. సోమవారం ఫోన్లో ఆ మాట కూడా చెబుదామనుకున్నా."

అప్పుడెత్తింది వేలు.